అడిగితే పుట్టే పుట

ఆమధ్య ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చిన రోజున మా ఇంట్లో జరిగిన సంగతి ఇది. మా మేనల్లుడు ఫోను చేతపట్టుకొని, హాల్‌టికెట్టు నంబరు కొట్టి, కళ్ళు గట్టిగా మూసుకొని కూర్చున్నాడు. వాడి పక్కన వాళ్ళమ్మ. ఆ వెనక మా అమ్మ. అరనిమిషం గడిచిందో లేదో, వాడి పేరూ, తండ్రి పేరూ, సబ్జెక్టువారీగా మార్కులూ, పాసయినట్టు ఒక ముక్కా తెరమీద ప్రత్యక్షమయ్యాయి. ఇల్లంతా ఊపిరి పీల్చుకొంది.

మా అమ్మ కళ్ళజోడు సవరించుకొని ఫోనులోకి తొంగిచూసి, "అంతా బాగానే వుంది గాని, ఒరేయ్, ఇన్ని లక్షలమంది పిల్లలున్నారే, ఒక్కొక్కడికీ విడిగా ఒక్కో కాగితం ఎవరు రాసిపెట్టార్రా? వాళ్ళ వేళ్ళు నెప్పులు పుట్టవూ?" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్విన తరువాత ఆలోచిస్తే, ఆ ప్రశ్నలో నవ్వవలసినది ఏమీ లేదనిపించింది. అక్కడ వున్నవాళ్ళలో ఆ సందేహం వచ్చినది ఆవిడ ఒక్కతెకే.

దానికి జవాబేమిటంటే, ఆ కాగితాన్ని ఎవరూ రాసిపెట్టలేదు. మా వాడు నంబరు కొట్టేంతవరకూ అది లోకంలో లేనే లేదు. కొట్టిన తరువాత పుట్టింది. వాడి ఫోనుకు చేరగానే, పుట్టినచోట దాని ఆనవాలే లేకుండా పోయింది. పక్కింటి అమ్మాయి తన నంబరు కొడితే ఆమెకోసం మరొకటి పుడుతుంది. ఇలా అడిగినప్పుడల్లా పుటలు పుట్టించే విద్యను గురించి నాలుగు మాటలు చెబుతాను. నేను తెలుగు పాఠాలు చెప్పుకొనే మనిషిని; ఇది నా వృత్తి కాదు. ఐతే ఒకప్పుడు అవసరంకొద్దీ అందులో చెయ్యిపెట్టాను, కాల్చుకొన్నాను కూడా. ఆ ముచ్చట తరువాత.

ముందు హోటలు సంగతి చూద్దాం. హోటల్లో మనకు వడ్డించేవాణ్ణి మనవాళ్ళు ఏనాటినుంచో "సర్వరు" అంటూనే వున్నారు. ఇంటర్నెట్టులో మనం అడిగిన పేజీని తెచ్చి ఇచ్చే కంప్యూటరు పేరు కూడా సర్వరే. ఇంగ్లీషువాళ్ళు ఏ ఉద్దేశంతో పెట్టుకొన్నారో గాని, మనకు మాత్రం అర్థం చేసుకోవడానికి ఇంతకంటే తేలిక దారి లేదు. మనం బల్లదగ్గర కూర్చుని ఫలానాది కావాలంటాం. సర్వరు తెచ్చి పెడతాడు. తినేది మన ఫోనులోనో కంప్యూటరులోనో వున్న బ్రౌజరు.

స్విట్జర్లాండులో జెనీవా నగరం పక్కన సెర్న్ అనే పరిశోధనాలయం వుంది. అక్కడ పనిచేసే టిమ్ బెర్నర్స్-లీ 1989లో ఈ వెబ్ అనే ఏర్పాటును ప్రతిపాదించాడు. 1991 నాటికి అది బయటివారికీ అందుబాటులోకి వచ్చింది. తొలినాళ్ళలో ఆ హోటల్లో దొరికేవి చాలావరకు ఇడ్లీలే. అంటే తెల్లవారుజామున వండి పాత్రలో పెట్టిన సరుకన్నమాట. ఎవరో ఒక పేజీని కూర్చుని రాసి దాస్తారు. ఎవరు ఎప్పుడు అడిగినా ఆ పేజీనే తెచ్చి ఇస్తారు. నిన్న అడిగినవాడికీ అదే, నేడు అడిగినవాడికీ అదే. పరిశోధనపత్రాలు చదువుకొనే శాస్త్రజ్ఞులకు అది చాలు. హాల్‌టికెట్టు నంబరు పట్టుకొని వచ్చేవాడికి చాలదు. అతడికి కావలసింది పెసరట్టు. అడిగాక పెనంమీద పడాలి. ఉల్లిపాయ వద్దన్నవాడికి లేకుండా, అల్లం ఎక్కువన్నవాడికి ఎక్కువగా.

ఆ పెనానికి ఒక పద్ధతి ఏర్పరచినవారు అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎన్.సి.ఎస్.ఎ. కేంద్రంవారు. 1993లో వారు సి.జి.ఐ. అని ఒక పద్ధతి తెచ్చారు. సర్వరు తనకు తెలియని కోరిక విన్నప్పుడు వెనక వున్న ఒక ప్రోగ్రామును లేపుతాడు. అది పేజీని తయారుచేసి చేతికిస్తుంది. పద్ధతి మంచిదే గాని రెండు చిక్కులున్నాయి. అడిగినవాడికల్లా ప్రోగ్రామును కొత్తగా లేపాలి. అంటే ప్రతి అట్టుకీ కొత్త పొయ్యి రాజెయ్యడమే. రెండవ చిక్కు ఇంకా పెద్దది. పేజీలోని ప్రతి మాటా, ప్రతి గీతా ఆ ప్రోగ్రాము పొట్టలోనే వుండాలి. పైన శీర్షిక రంగు కాస్త మార్చాలన్నా ప్రోగ్రాము రాసినవాడే దిగిరావాలి.

ఇక్కడికి రాస్మస్ లెర్డార్ఫ్ వచ్చాడు. గ్రీన్‌లాండులో పుట్టి, డెన్మార్కులోనూ కెనడాలోనూ పెరిగిన కుర్రవాడు. 1994లో తన చదువూ ఉద్యోగాల వివరాలు వెబ్‌లో పెట్టుకొని, వాటిని ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకుందామని కొన్ని చిన్న ప్రోగ్రాములు రాసుకొన్నాడు. ఉద్యోగానికి అర్జీ పెట్టుకొన్నవాడికి ఆ ఆత్రం సహజమే గదా! వాటికి "పర్సనల్ హోమ్ పేజ్ టూల్స్" అని పేరు పెట్టి, 1995 జూనులో, కావలసినవాళ్ళు తీసుకోండని ఊరకే ఇచ్చేశాడు. అందులో మొదటి మూడు మాటల తొలి అక్షరాలే పి.హెచ్.పి.

ఈ పద్ధతి ఏమిటో చెప్పడానికి మనకు తెలిసిన మనిషి ఇంకొకడున్నాడు. రిజిస్ట్రారాఫీసు ఎదుట అరుగుమీద కూర్చునే దస్తావేజు లేఖరి. ఆయన దగ్గర క్రయపత్రం నమూనా ఒకటి వుంటుంది. ఫలానా గ్రామ కాపురస్తులు ఫలానా వారికి వ్రాసి ఇచ్చిన శుద్ధ క్రయ దస్తావేజు అని మొదలై, చుట్టుహద్దులతో సాగి, సాక్షుల సంతకాలతో ముగుస్తుంది. మాటలన్నీ సిద్ధం. పేర్లూ, సర్వే నంబరూ, సొమ్మూ మటుకు ఖాళీ. మీరు వెళ్ళి కూర్చుంటే ఆయన ఖాళీలు పూరిస్తాడు, దస్తావేజు తయారవుతుంది. సి.జి.ఐ. పద్ధతిలో దస్తావేజంతా లేఖరి బుర్రలో వుంటుంది. పి.హెచ్.పి. పద్ధతిలో నమూనా కాగితంమీద వుంటుంది, ఖాళీ వున్నచోట మాత్రం "ఇక్కడ ఏం రాయాలో చూసుకో" అని చిన్న సూచన వుంటుంది. ఇప్పటి వాడుకలో, లెక్కల్లో "చిన్నది" అని చెప్పే గుర్తు పక్కన ఒక ప్రశ్నార్థకం పెడితే అక్కడినుంచి సూచన మొదలు. ప్రశ్నార్థకం పక్కన "పెద్దది" అనే గుర్తు పెడితే అక్కడితో సరి. ఆ రెండింటి మధ్యా వున్నదాన్ని సర్వరు చదివి, పని జరిపించి, ఆ చోటులో ఫలితాన్ని మాత్రం వుంచుతాడు. మనకు వచ్చే పేజీలో సూచన కనపడదు. వంటవాడి చేతిరాత వంటింటి గడప దాటదు.

ఖాళీని పూరించే ఆజ్ఞ పేరు "ఎకో". అంటే ప్రతిధ్వని. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని వుంది.

1997లో ఇజ్రాయెల్‌లో హైఫా నగరపు టెక్నియన్ విద్యాలయంలో చదువుకుంటున్న ఆండీ గుట్‌మన్స్, జీవ్ సురాస్కీ అనే ఇద్దరు విద్యార్థులు లెర్డార్ఫ్ సరుకు తమ పనికి సరిపోవడంలేదని దాన్ని మొదటినుంచీ తిరగరాశారు. అదే లెర్డార్ఫ్ ఆమోదంతో 1998 జూనులో మూడవ పి.హెచ్.పి.గా వెలువడింది. పేరుకు కొత్త అర్థం కూడా చెప్పుకొన్నారు: "పి.హెచ్.పి. హైపర్‌టెక్స్ట్ ప్రీప్రాసెసర్". పేరు విప్పితే మళ్ళీ అదే పేరు. వ్యాకరణం చదువుకొన్నవాడెవడైనా దీన్ని దోషమనే అంటాడు. వాళ్ళు దాన్ని చమత్కారమన్నారు. ఇంకో తమాషా వుంది. ఈ భాషలో ఒకచోట విసర్గలాంటి గుర్తు వెంటవెంటనే రెండుసార్లు వస్తుంది. అది పొరపాటుచోట పడితే, యంత్రం ఇంగ్లీషులో ఫిర్యాదు చేస్తూ చేస్తూ మధ్యలో "పామాయిం నెకుదోతాయిం" అనేది. ప్రపంచమంతటా ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఇదేమి శాపమో అని జుట్టు పీక్కొన్నారు. శాపం కాదు, హీబ్రూ మాట. జంట చుక్కలు రెండుసార్లు అని అర్థం. ఆ కుర్రవాళ్ళు ఇంటిభాషను ఒక మూల దాచిపెట్టుకొన్నారు. నాకు మాత్రం అందుకు వాళ్ళమీద అభిమానం కలిగింది.

సరే, మా మేనల్లుడి కాగితం ఎలా పుట్టిందో చూద్దాం. వాడు ఫోనులో చూసిన మొదటి పేజీ ఇడ్లీయే. నంబరు రాయడానికి ఒక గడి, ఒక బొత్తామూ వుంటాయి. బొత్తాం నొక్కగానే నంబరు సర్వరుకు చేరింది. సర్వరు పి.హెచ్.పి.ని పిలిచాడు (అలాంటి పనే చేసే వేరే భాష కావచ్చు, పైథాన్, రూబీ, జావా లాంటివి ఎన్నో వున్నాయి. పద్ధతి అన్నిటిదీ దాదాపు ఒక్కటే). అది వెనకనున్న డేటాబేసును, అంటే పెద్ద రిజిష్టరును, "ఈ నంబరుగల వరస వుందా?" అని అడిగింది. ఇంటర్మీడియెట్టువారి దగ్గర నిజంగా వున్నది ఆ రిజిష్టరు ఒక్కటే. లక్షల కాగితాలు లేవు, లక్షల వరసలున్నాయి. వరస దొరికింది. పేరు ఒక ఖాళీలో పడింది. మార్కుల పట్టీ దగ్గర నమూనాలో ఒక్క గీతే గీసివుంటుంది, "ఎన్ని సబ్జెక్టులుంటే అన్నిసార్లు ఈ గీత గియ్యి" అన్న సూచనతో. ఆరుంటే ఆరుసార్లు గీసింది. చివర "అన్నిటిలోనూ పాసు మార్కులు వస్తే ఈ మాట రాయి, లేకపోతే ఆ మాట రాయి" అన్న షరతు. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగపట్టుకొన్న మాట, వంటింట్లో చూస్తే, ఒక చిన్న "అయితే-లేకపోతే".

పేజీ పైన వుండే ముద్రా, అడుగున వుండే చిరునామా ప్రతి పేజీలోనూ విడిగా రాయనవసరం లేదు. ఒకచోట రాసివుంచి "దాన్ని తెచ్చి ఇక్కడ అతికించు" అంటే సరి. కావలిస్తే పి.హెచ్.పి. బొమ్మలు కూడా గీస్తుంది. మార్కుల పటం గాని, పేరు రాసిన సర్టిఫికెట్టు గాని అప్పటికప్పుడు బొమ్మగా తయారవుతుంది. ఇక మరపు సంగతి ఒకటి వుంది. ఈ సర్వరుకు మతిమరుపు జాస్తి. అట్టు పెట్టి వెనక్కు తిరిగాడంటే మీరెవరో తెలియదు. మరి రైలు టికెట్టు కొనేటప్పుడు ఊరు ఒక పేజీలో, పేర్లు మరొక పేజీలో, డబ్బు ఇంకొక పేజీలో ఇస్తామే, అన్నీ ఒక్క మనిషివే అని ఎలా తెలుస్తుంది? గుడి దగ్గర చెప్పులు విడిచేచోట టోకెను ఇస్తారు చూడండి, అలాంటి టోకెను ఒకటి మన బ్రౌజరు చేతిలో పెడతాడు. వెళ్ళినప్పుడల్లా అది చూపిస్తాం. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మోంటుల్లి కనిపెట్టిన ఈ టోకెను పేరు "కుకీ". వంటింటి పోలికలు నా ఒక్కడికే తట్టలేదన్నమాట.

వంట అంతా వంటింట్లోనే జరగాలని కూడా లేదు. జావాస్క్రిప్టు అనే మరో భాష మన బల్లమీదే, అంటే బ్రౌజరులోనే పనిచేస్తుంది. దాన్ని 1995లో బ్రెండన్ ఐక్ పదిరోజుల్లో తయారుచేశాడు. పళ్ళెం మొత్తం మార్చకుండా పచ్చడి ఒక్కటే మళ్ళీ తెప్పించుకొనే పద్ధతికి 2005లో "ఎజాక్స్" అని పేరు పెట్టారు. సినిమా టికెట్లు కొనేటప్పుడు కుర్చీ రంగు మాత్రం మారి, తక్కిన పేజీ కదలకుండా వుంటుందే, అది ఈ పద్ధతే.

ఇంత చెప్పాక, ఇడ్లీని చిన్నచూపు చూడకూడదని కూడా చెప్పాలి. ఫలితాల రోజున పేజీ తెరుచుకోక, ఫోను పట్టుకొని గిరగిర తిరిగే చక్రాన్ని చూస్తూ ఇల్లిల్లూ బాధపడిన సందర్భాలు మనం ఎరుగుదుం. కారణం తెలిసిందే. లక్షమంది ఒక్కసారి పెసరట్టు అడిగితే ఏ వంటవాడు మాత్రం ఏం చేస్తాడు? కాని ఒక సంగతి ఆలోచించండి. ఫలితాలు ప్రకటించాక ఇక ఆ మార్కులు ఆ పూట మారవు. మారని దాన్ని మాటిమాటికీ వండడమెందుకు? రాత్రే కూర్చుని యంత్రంచేత అన్ని పేజీలూ ఒక్కసారి పుట్టించి దాచుకొంటే, తెల్లవారి అందరికీ ఇడ్లీలే పెట్టవచ్చు. మా అమ్మ అన్న మాటే, వేళ్ళు నెప్పి పుట్టకుండా. వికీపీడియా చేసే పని దాదాపు ఇదే. 2001లో మొదలైనప్పుడు దాని వెనక పెర్ల్ భాషలో రాసిన ప్రోగ్రాము వుండేది. మరుసటి ఏడు జనవరిలో, మాగ్నస్ మాన్‌స్కె అనే జర్మన్ విద్యార్థి పి.హెచ్.పి.లో రాసిన ప్రోగ్రాముకు మారారు. 2003 డిసెంబరులో మొదలైన మన తెలుగు వికీపీడియా కూడా దాని సంతతిమీదనే నడుస్తోంది. వ్యాసాన్ని ఎవరైనా దిద్దితే పేజీని మళ్ళీ వండుతారు; లేకపోతే వండి నిలవవుంచినదే వచ్చినవాళ్ళందరికీ పెడతారు. ఏది వేడిగా వెయ్యాలో, ఏది నిలవ వుంచాలో తెలియడమే ఈ వంటలో సగం నేర్పు.

మిగతా సగం, వచ్చినవాణ్ణి నమ్మకపోవడం. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. దస్తావేజు లేఖరి "మీ పేరు?" అని అడిగాడనుకోండి. అవతలివాడు, "సుబ్బయ్య, మరియు పక్క పొలం కూడా నాకే చెందును" అన్నాడనుకోండి. మనిషయితే ముఖం చూసి నవ్వుతాడు. యంత్రలేఖరి నవ్వడు. పేరు గడిలో వచ్చింది కాబట్టి అంతా పేరే అనుకొని రాసేస్తాడు. దస్తావేజులో పక్క పొలం చేరిపోతుంది! పేజీలో మనిషి రాసేచోట మాటకు బదులు ఆజ్ఞ రాసి, సర్వరుచేత దాన్ని అమలు జరిపించి, రిజిష్టర్లకు రిజిష్టర్లు దోచుకొన్న ఘటనలు అనేకం. 1998 నుంచీ తెలిసిన దొంగతనమే, ఇప్పటికీ జరుగుతూనే వుంది.

మందు వుంది. రిజిష్టరును అడగవలసిన ప్రశ్నను ముందు పూర్తిగా చెప్పి, వచ్చినవాడి మాటను తరువాత విడి కవరులో అందించాలి. కవరులో ఏమున్నా అది పేరే అవుతుంది గాని ఆజ్ఞ కాదు. అలాగే పేజీలో చూపించేటప్పుడు, యంత్రం ఆజ్ఞగా పొరబడే గుర్తులను పళ్ళు పీకి చూపించాలి. ఆ పళ్ళు పీకే పనిముట్టు పేరు "హెచ్.టి.ఎం.ఎల్.స్పెషల్‌చార్స్". ఇంగ్లీషులో పదహారు అక్షరాలు, మధ్యలో ఖాళీ లేకుండా. ఇంత చాంతాడు పేరు ఎందుకు పెట్టాడయ్యా అంటే, లెర్డార్ఫ్ 2013లో ఒక సంగతి బయటపెట్టాడు. మొదట్లో పనిముట్లు వంద కూడా లేనప్పుడు, పేరులో ఎన్ని అక్షరాలున్నాయన్న లెక్కనుబట్టే వాటిని అరల్లో సర్దేవాడట. అన్ని పేర్లూ ఒకే పొడవైతే ఒకే అరలో కిక్కిరుస్తాయి. అందుచేత పొట్టివీ పొడుగువీ కలిపి పెట్టాడట. గణాలకోసం పేర్లు సాగదీసే కవులను చూశాను గాని, అరలకోసం సాగదీసినవాణ్ణి చూడలేదు.

అక్షరాల లెక్క అన్నాను గదా, ఇక నా సంగతికి వస్తాను.

2013లో మా కాలేజీలో తెలుగు చదివే పిల్లలకు ఒక పని పెట్టాను. మీ అవ్వలూ, అమ్మమ్మలూ, నాయనమ్మలూ వంటింట్లో, పెరట్లో, పొలంలో వాడే మాటలు, ఇప్పుడు మీరు వాడనివి, అడిగి తెలుసుకొని రండి అన్నాను. కాగితాలు దండగ, అవి పారేసుకొంటారు అని నేనే అన్నాను. కంప్యూటరు సైన్సు విద్యార్థి ఒకణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని పి.హెచ్.పి.లో ఒక పేజీ తయారుచేశాను. రోల్ నంబరు ఒక గడి, మాట ఒక గడి, అర్థం ఒక గడి. నొక్కితే రిజిష్టరులో చేరుతుంది. "మీరు పంపిన మాట: తరవాణి. అందింది" అని తెరమీద వస్తుంది. పిల్లలు ముచ్చటపడిపోయారు. సెలవులకు ఊళ్ళకు వెళ్ళి అక్కడినుంచే పంపారు. రెండు నెలల్లో మూడువందల పైచిలుకు వరసలు చేరాయి.

తరువాత ఒక ఆదివారంనాడు, అన్నీ కలిపి చూపించే పేజీ రాసి తెరిచాను. రోల్ నంబర్లు వున్నాయి. తేదీలున్నాయి. మాటలున్నచోట మటుకు ప్రశ్నార్థకాలు. పైనుంచి కిందివరకూ, మాటలోనూ అర్థంలోనూ, వరసకు వరస ప్రశ్నార్థకాలే.

ఏం జరిగిందంటే, యంత్రానికి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌వారు 1991లోనే అంకెలు కేటాయించారు. ఆ అంకెలను పొదుపుగా రాసే పద్ధతి యు.టి.ఎఫ్.-8. దాన్ని 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్‌తో భోంచేస్తూ, న్యూజెర్సీలో ఒక హోటల్లో, బల్లమీద పళ్ళెం కింద పరిచే కాగితంమీద గీశాడు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, మన గుర్తుకు మూడు. పి.హెచ్.పి. మొదటినుంచీ బైట్లనే లెక్కపెడుతుంది. "అమ్మ" ఎంత పొడవని అడిగితే పన్నెండంటుంది! వేరే పనిముట్టుతో అడిగితే నాలుగంటుంది: అ, మ, పొల్లు, మ. రెండక్షరాలని ఒకటో తరగతి పిల్లవాడు చెబుతాడు. ఈ చిక్కు తీర్చడానికి 2005లో ఆరవ పి.హెచ్.పి. మొదలుపెట్టి, బరువెక్కిపోయిందని 2010లో వదిలేశారు. 2015లో వచ్చినది ఏడవది. ఆరవది ఎప్పుడూ రాలేదు.

నా పేజీలో తెలుగు సరిగానే ప్రయాణం చేసింది. రిజిష్టరు దగ్గర ఆగిపోయింది. మేము వాడినది మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు. అది స్వీడన్‌లో పుట్టినది. మీరు ఏమీ చెప్పకపోతే అది పడమటి ఐరోపా అక్షరాలకు మాత్రం చోటిచ్చి, స్వీడిష్ అకారాదిక్రమంలో పట్టీ గీసుకొనేది. 2018లో ఎనిమిదవ కూర్పు వచ్చేవరకూ దాని అలవాటు అదే. నేను ఏమీ చెప్పలేదు, చెప్పాలని తెలియదు. మా పిల్లల అమ్మమ్మల మాటలు వెళ్ళి స్వీడిష్ రిజిష్టరు తలుపు తట్టాయి. తెలియని గుర్తు వచ్చినప్పుడల్లా అది ఒక్కో ప్రశ్నార్థకం రాసుకొంది. అప్పటి కూర్పులు ఇటువంటిచోట పని ఆపేవి కావు. లోలోపల ఒక హెచ్చరిక గొణిగి వూరుకొనేవి. ఆ గొణుగుడు మేము వినలేదు.

మరి "తరవాణి, అందింది" అని తెరమీద తెలుగులో ఎలా వచ్చింది? అదే ఎకో. పిల్లవాడు పంపిన మాటనే, రిజిష్టరు మొహం చూడకుండా, వాడికి తిరిగి వినిపించింది. పేజీ రాసినవాణ్ణి నేనే. కొండదగ్గర కేక వేసి, వినిపించినది చూసి అవతల మనిషి వున్నాడనుకొన్నాను.

ఆ ప్రశ్నార్థకాల నుంచి మాటను వెనక్కు తేవడం ఏ విద్యవల్లా కాదు. పోయినది పోయినట్టే. ఐతే ఒక చిన్న ఆధారం మిగిలింది. గుర్తుకొక ప్రశ్నార్థకం కాబట్టి లెక్క తెలుస్తుంది. "తరవాణి" అయితే ఆరు. కాని "గరిసె"కూ అయిదే, "ఉట్టి"కీ అయిదే. రోల్ నంబర్లు ఇంగ్లీషు అంకెలు కాబట్టి చెక్కుచెదరలేదు. పిల్లలను ఒక్కొక్కరిని పిలిచి, "నువ్వు ఫలానా తేదీన పంపావు, ఎనిమిది గుర్తుల మాట, ఏమిటి చెప్పు" అని అడిగాను. పద్యపాదానికి గణవిభజన చేసినట్టు పిల్లలు వేళ్ళమీద లెక్కపెట్టుకొంటూ కూర్చున్నారు. కొందరు అక్కడికక్కడే చెప్పారు. కొందరు ఇంటికి ఫోను చేశారు. అలా సగానికి పైగా దొరికాయి. ఈసారి కాగితంమీద కూడా రాయించాను. రిజిష్టరుకు తెలుగు వచ్చునని స్పష్టంగా చెప్పాను. పేజీనీ మార్చాను. ఇప్పుడది విన్నమాట తిరిగి చెప్పదు. రిజిష్టరులోకి వెళ్ళి, రాసుకొన్నదాన్ని చదివి తెచ్చి చూపిస్తుంది.

ఒక అమ్మాయి తొమ్మిది మాటలు పంపింది. ఎనిమిదింటిని గుర్తు తెచ్చుకొంది. తొమ్మిదవది ఎనిమిది ప్రశ్నార్థకాలు. "పొంతకుండ కావచ్చేమో చూడమ్మా, దానికీ ఎనిమిదే" అన్నాను. "కాదు సార్, అది నాకు తెలుసు. ఇది పాలకు సంబంధించిన మాట. అమ్మమ్మ చెబుతుంటే కొత్తగా వుందనే పంపాను" అంది. మేము ఇది మాట్లాడుకొనేనాటికి ఆ ముసలావిడ పోయి నెల దాటింది. ఇంట్లో ఎవరికీ ఆ మాట తెలియదు.

ఆ వరసను తీసెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. ఇప్పుడు ఆ పేజీని ఎవరు అడిగినా మాటలన్నీ అకారాదిక్రమంలో సర్దుకొని పుడతాయి. యంత్రం లెక్కలో ప్రశ్నార్థకం అకారంకంటే ముందు వస్తుంది. అందుచేత ఆ ఎనిమిది ప్రశ్నార్థకాలే అన్నిటికంటే పైన వుంటాయి.